ఆ పదమూడేళ్లు ఎవరు ఏలారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

జూలై 4న మీ పత్రిక విద్యార్థుల పేజీలో 'చరిత్రలో ఈ రోజు' కింద ఒక లైను వేశారు. 1776లో అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చింది, జార్జ్ వాషింగ్టన్ తొలి అధ్యక్షుడయ్యారు, అని. నేను విజయనగరం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రం పూట మా ఇంటి వరండాలో గ్రూప్-2కి చదువుకునే పిల్లలకి చరిత్ర చెబుతుంటాను, పది పన్నెండు మంది వస్తారు. ఆ రోజు మీ పేపరు చేత్తో పట్టుకుని ఒకమ్మాయి అడిగింది: "మాస్టారూ, 1776లోనే స్వాతంత్ర్యం వచ్చేస్తే, వాషింగ్టన్ ప్రెసిడెంట్ అయింది 1789లో అని మన బుక్‌లో ఉంది కదండీ, మధ్యలో పదమూడేళ్లు ఎవరు ఏలారు?"

నా సర్వీసు మొత్తంలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగరు, ఎందుకంటే మేం చెప్పిన పాఠం అలా ఉండేది. టీ పెట్టెలు సముద్రంలో పారేశారు, యుద్ధం చేశారు, గెలిచారు, రాజ్యాంగం రాసుకున్నారు, అయిపోయింది. గెలవడానికీ ప్రభుత్వం కట్టుకోవడానికీ మధ్య ఎంత గుంజాటన నడిచిందో ఎవరం చెప్పలేదు, అసలు పాఠం అక్కడే ఉంది. పైగా ఈ కథ మన ఉత్తరాంధ్రని తాకి వెళ్లిన కథ, ఆ సంగతి అసలే చెప్పం. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను, దయచేసి కత్తిరించకుండా వేయండి.

బొబ్బిలి యుద్ధం మన దగ్గర చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1757 జనవరిలో విజయనగరం రాజు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని, అతని ఫిరంగుల్ని తోడు తీసుకుని బొబ్బిలి మీదికి వెళ్లడం, కోట పడిపోవడం, తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి రాజుని పొడిచి చంపడం, పైడితల్లమ్మ సిరిమానుకి వెళ్లే ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటారు. ఆ తరవాత గద్దెక్కిన ఆనంద గజపతికి ఫ్రెంచివాళ్లతో చెడింది, బెంగాల్లో ఉన్న ఇంగ్లీషువాళ్లని పిలిపించుకున్నారు, 1758 డిసెంబర్లో పిఠాపురం దగ్గర చందుర్తిలో కల్నల్ ఫోర్డ్ సైన్యం, విజయనగరం సైన్యం ఒక పక్క నిలబడితే ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. ఇదంతా మన రాజుల తగవు అనుకుంటాం గానీ, అప్పుడు ఇంగ్లండ్, ఫ్రాన్స్ యూరప్‌లోనూ, అమెరికా అడవుల్లోనూ, మన కోస్తాలోనూ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. ఏడేళ్ల యుద్ధం అంటారు దాన్ని, చందుర్తి అందులో ఒక ముక్క. 1763లో ఇంగ్లండ్ గెలిచింది. కానీ అప్పటికి దాని అప్పు దాదాపు రెట్టింపైంది, అమెరికాలో ఉంచిన సైన్యం ఖర్చులో కొంతైనా అక్కడి వలస జనం దగ్గర రాబట్టాలని లండన్ పార్లమెంటు అనుకుంది.

ఇక 1765. ఈ ఏడాదిని పిల్లల చేత బోర్డు మీద రాయించాను. మార్చిలో లండన్‌లో స్టాంపు చట్టం వచ్చింది. అమెరికాలోని వలసల్లో కోర్టు కాగితాలకి, లైసెన్సులకి, పేకముక్కలకి, ఆఖరికి వార్తాపత్రికలకి కూడా స్టాంపు పన్ను కట్టాలి. అదే ఏడాది ఆగస్టులో మొఘల్ పాదుషా షా ఆలం మన ఉత్తర సర్కారుల్ని, మన చికాకోల్ (శ్రీకాకుళం) సర్కారుతో కలిపి, ఫర్మానా రాసి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశారు. రెండు చోట్లా జనాన్ని అడిగింది లేదు. అక్కడ మాత్రం జనం ఎదురు తిరిగారు, స్టాంపులు అమ్మాల్సిన ఏజెంట్ల ఇళ్ల మీద పడ్డారు, ఇంగ్లండ్ సరుకు కొనడం మానేశారు, మరుసటి ఏడాదే పార్లమెంటు ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. వాళ్లు మనకంటే ధైర్యవంతులు కావడం వల్ల కాదు. వర్జీనియాలో 1619 నుంచే ఎన్నుకున్న సభ ఉంది, మిగతా వలసలూ తమ సభల్లో కూర్చుని తమ పన్నులు తామే వేసుకోవడానికి నూరేళ్లకు పైగా అలవాటు పడ్డాయి, ఆ అలవాటు మీద చెయ్యి పడేసరికి మండింది. మేం ఎన్నుకున్న మనిషి ఒక్కడు కూడా లేని పార్లమెంటు మా మీద పన్ను ఎలా వేస్తుంది అన్నదే వాళ్ల ప్రశ్న.

టీ సంగతి కూడా పిల్లలకి సగమే చెబుతున్నాం. పన్ను ఎక్కువైందని పారేశారు అని. 1773లో వచ్చిన చట్టం వల్ల నిజానికి టీ ధర తగ్గింది! అప్పటికి ఈస్టిండియా కంపెనీ దివాలా అంచున ఉంది. 1770 నాటి బెంగాల్ కరువులో లక్షల మంది చచ్చిపోయారు, కంపెనీ రాబడి దెబ్బ తింది, గోడౌన్లలో చైనా టీ గుట్టలుగా పడి ఉంది. ఆ టీని కంపెనీయే నేరుగా అమెరికాలో అమ్ముకోవచ్చని, ఇంగ్లండ్‌లో కట్టే సుంకం మాఫీ అని పార్లమెంటు చెప్పింది, కానీ అమెరికాలో వసూలు చేసే చిన్న పన్ను మాత్రం ఉంచింది. చవగ్గా వస్తోంది కదా అని కొంటే, పన్ను వేసే హక్కు మీకుందని ఒప్పుకున్నట్టే. ఆ సంగతి పట్టుకుని 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల్లోని 342 పెట్టెల టీని నీళ్లలో పోసేశారు. చవక సరుకు వెనక ఏం ఒప్పుకుంటున్నామో చూసుకోవడం అంటే అదీ. మన ఎన్నికల్లో నోటు తీసుకుని ఓటేసే వాళ్లకి కూడా నేను ఇదే చెబుతుంటాను.

అక్కడి ఆడవాళ్ల గురించి ఒక మాట. ఇంగ్లండ్ బట్ట మానేయాలంటే ఇంట్లో నూలు ఉండాలి కదా, ఊరూరా ఆడవాళ్లు గుంపులుగా ఒకచోట కూర్చుని రాట్నాలు తిప్పారు, ఆ ముతక బట్ట కట్టుకోవడం గౌరవం అయింది. మన పొందూరులో వాలుగ చేప దవడతో దూది దువ్వి సన్న నూలు తీసే అవ్వల్ని చూసిన మనకి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ ఆ ఆడవాళ్లకి ఓటు రాలేదు. 1776 మార్చిలో అబిగెయిల్ ఆడమ్స్ అనే ఆవిడ, వలసల ప్రతినిధులు కూర్చునే కాంగ్రెస్ సభలో ఉన్న తన భర్త జాన్‌కి, కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లని గుర్తు పెట్టుకోండని ఉత్తరం రాసింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. దేశమంతటా ఆడవాళ్లకి ఓటు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో.

యుద్ధం గురించి ఎక్కువ రాయను, అది అన్ని పుస్తకాల్లోనూ ఉంది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్ల దగ్గర తుపాకులు పేలాయి. 1776 జూలై 2న ఫిలడెల్ఫియాలో పదమూడు వలసల్లో న్యూయార్క్ తప్ప మిగతా పన్నెండింటి ప్రతినిధులు విడిపోవాలని ఓటు వేశారు, జూలై 4న ఆ ప్రకటన పాఠాన్ని ఆమోదించారు. అంటే ఆ రోజు స్వాతంత్ర్యం రాలేదండీ, మేం విడిపోతున్నాం అని చెప్పారు, అంతే. చెప్పిన మాట నిలబడిందో లేదో ఇంకా ఏడేళ్లకి గానీ తేలలేదు. అందరూ సమానంగా పుట్టారు అని ఆ ప్రకటన రాసిన జెఫర్సన్‌కి వందల మంది బానిసలు ఉండేవారు, బానిస వ్యాపారాన్ని తప్పుబడుతూ ఆయనే రాసిన భాగాన్ని కాంగ్రెస్ కొట్టేసింది. ఇది దాచకూడదు. 1777-78 చలికాలం వ్యాలీ ఫోర్జ్‌లో వాషింగ్టన్ సైన్యం చెప్పులు లేక, తిండి చాలక, జబ్బులతో సుమారు 2,000 మందిని పోగొట్టుకుంది. సరటోగా దగ్గర గెలిచాక ఫ్రాన్స్ చెయ్యి కలిపింది, డబ్బు, సిపాయిలు, ఓడలు పంపింది. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో ముందు వాషింగ్టన్, ఫ్రెంచి సైన్యం, వెనక సముద్రంలో ఫ్రెంచి ఓడలు, మధ్యలో ఇరుక్కుపోయిన లార్డ్ కార్న్‌వాలిస్ 7,000 మందికి పైగా సైన్యంతో లొంగిపోయాడు. ఒంట్లో బాగోలేదని తను రాకుండా కింది అధికారి చేత కత్తి పంపించాడు. ఈ కార్న్‌వాలిస్‌ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ మన దగ్గరికి వస్తాడు. 1783 సెప్టెంబర్ 3న పారిస్‌లో సంధి జరిగింది, అప్పుడు ఇంగ్లండ్ ఒప్పుకుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. ఎవరు ఏలారు?

చెప్పాలంటే పదమూడు రాష్ట్రాలూ ఎవరిది వాళ్లే ఏలుకున్నాయి. పైన కాంగ్రెస్ ఒకటి ఉండేది. దాని అధికారాలు రాసుకున్న ఒప్పందం 1777లో తయారైతే, పడమటి భూముల పేచీ తేలేదాకా సంతకం పెట్టనని మేరీలాండ్ భీష్మించుకుంటే, 1781కి గానీ అమల్లోకి రాలేదు. అధ్యక్షుడు లేడు, దేశానికంతటికీ ఒక న్యాయవ్యవస్థ లేదు, అన్నిటికంటే ముఖ్యం, పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాల్ని అడుక్కోవాలి, ఇస్తే ఇచ్చాయి, లేకపోతే లేదు. ఒప్పందంలో ఒక్క అక్షరం మార్చాలన్నా పదమూడూ ఒప్పుకోవాలి. దిగుమతుల మీద 5 శాతం సుంకం పెట్టుకుని అప్పులు తీరుద్దామని చూస్తే, మన పాత శ్రీకాకుళం జిల్లా అంత కూడా లేని రోడ్ ఐలాండ్ ఒక్కటి కుదరదంది, అంతే, ఆగిపోయింది. లండన్ రాజు మీద కోపంతో పైన ఎవరి చేతిలోనూ అధికారం పెట్టకూడదనుకున్నారు, ఆ భయం అర్థం చేసుకోదగ్గదే, కానీ జీతాలు ఎవరిస్తారు?

1783 మార్చిలో న్యూబర్గ్ శిబిరంలో నెలల తరబడి జీతాలు అందని సైన్యాధికారులు కాంగ్రెస్ మీద తిరగబడదామా అని గుసగుసలాడుకుంటున్నారు. పేరు లేని ఉత్తరాలు తిరుగుతున్నాయి. వాషింగ్టన్ ఆ మీటింగుకి తనే వెళ్లి నచ్చజెప్పాడు, ఎవరి ముఖంలోనూ మార్పు లేదు. అప్పుడు ఒక కాంగ్రెస్ సభ్యుడు రాసిన ఉత్తరం చదువుదామని జేబులోంచి తీసి, తడబడి, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుంటారని అక్కడ చాలామందికి తెలియదు. మీ సేవలో జుట్టు నెరిసింది, ఇప్పుడు చూపు కూడా పోతోంది, క్షమించండి అన్న అర్థం వచ్చేలా ఒక మాట అన్నాడు. అంతే, అధికారులు కన్నీళ్లు పెట్టుకున్నారు, తిరుగుబాటు మాట ఎగిరిపోయింది. అదే ఏడాది డిసెంబర్ 23న అన్నాపోలిస్‌లో కాంగ్రెస్ ముందు నిలబడి సేనాధిపతి పదవి వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు. చేతిలో సైన్యం ఉండి, దేశమంతా దేవుడిలా చూస్తున్న మనిషి రాజు అవ్వాలనుకుంటే ఆపేవాడు లేడు. ఇది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ గొంతు పట్టేస్తుంది. పిల్లలకి వాషింగ్టన్ గెలిచిన యుద్ధాల కంటే ఈ రెండు రోజులు ముందు చెప్పాలి.

ఆయన వెళ్లిపోయినా కష్టాలు వెళ్లలేదు. మసాచుసెట్స్‌లో యుద్ధం చేసి వచ్చిన రైతులే అప్పుల్లో కూరుకుపోయారు, పన్నులు నాణేల్లోనే కట్టమన్నారు, కోర్టులు పొలాలు వేలం వేయడం, మనుషుల్ని జైల్లో పెట్టడం మొదలెట్టాయి. 1786లో డేనియల్ షేస్ అనే పాత కెప్టెన్ లాంటి వాళ్లు రైతుల్ని కూడగట్టి కోర్టులు మూయించారు. మరుసటి జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర కాల్పుల్లో నలుగురు చనిపోయారు. శిస్తు కట్టలేక వేలంలో భూమి పోగొట్టుకున్న తాతల కథలు విన్న మన జిల్లాల పిల్లలకి షేస్ ఎవరో ఇట్టే అర్థమవుతాడు. దాన్ని అణచడానికి కూడా కాంగ్రెస్ దగ్గర డబ్బు లేదు, సైన్యం లేదు, ఊళ్లో పెద్ద వ్యాపారులు చందాలు వేసుకుని సైన్యాన్ని పెట్టారు. అప్పుడు పెద్దలందరికీ భయం పట్టుకుంది.

1787 మే 25న ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు. వచ్చింది మొత్తం 55 మంది, రోడ్ ఐలాండ్ మనిషిని కూడా పంపలేదు. పాత ఒప్పందాన్ని సరిదిద్దమని పంపితే దాన్ని పక్కనపెట్టి కొత్తది రాయడం మొదలెట్టారు. మాట బయటికి పోకూడదని ఎండాకాలంలో కిటికీలు మూసుకుని, గుమ్మం దగ్గర కాపలా పెట్టుకుని నాలుగు నెలలు వాదించుకున్నారు. జనాభాని బట్టి సీట్లు కావాలని పెద్ద రాష్ట్రాలు, అందరికీ సమానం కావాలని చిన్న రాష్ట్రాలు. విరిగిపోయేదాకా వెళ్లి, ఒక సభలో జనాభా లెక్క, రెండో సభలో రాష్ట్రానికి ఇద్దరు అని సర్దుకున్నారు. చట్టం చేసేవాళ్లు వేరు, అమలు చేసేవాళ్లు వేరు, తీర్పు చెప్పేవాళ్లు వేరు, ఒకరి చేతిని ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు. ఇది బాగా ఆలోచించి చేసింది. కానీ అదే గదిలో పెద్ద అన్యాయం కూడా జరిగింది. దక్షిణ రాష్ట్రాలు తమ బానిసల్ని ఐదుగురిని ముగ్గురుగా లెక్కేయించుకుని సీట్లు పెంచుకున్నాయి, ఆ బానిసలకి ఓటు లేదు, మనిషి హక్కు ఏదీ లేదు. 1808 దాకా బయటి నుంచి బానిసల్ని తెచ్చే వ్యాపారాన్ని కాంగ్రెస్ ఆపకూడదని కూడా రాసుకున్నారు. ఇంత రాసి కూడా 'బానిస' అన్న మాట ఎక్కడా రాకుండా జాగ్రత్తపడ్డారు. ఆ సర్దుబాటు ఖరీదు 1861 నుంచి నాలుగేళ్ల అంతర్యుద్ధంలో ఆరు లక్షలకు పైగా ప్రాణాలు.

సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు చేశారు. అక్కడే ఉండి చేయనన్నవాళ్లు ముగ్గురు. ఆ తరవాత ఒక్కో రాష్ట్రంలో సభ పెట్టి ఓటు వేయించారు, వర్జీనియాలో 89కి 79, న్యూయార్క్‌లో 30కి 27, అంత దగ్గరి పోటీ. తొమ్మిది రాష్ట్రాలు చాలు అన్న లెక్క 1788 జూన్ 21న న్యూహాంప్‌షైర్‌తో పూర్తయింది. 1789 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లో వాషింగ్టన్ ప్రమాణం చేశాడు. రోడ్ ఐలాండ్ 1790 మేలో, అదీ 34కి 32 ఓట్లతో వచ్చింది. వద్దన్నవాళ్లు ఓడిపోయి ఊరుకోలేదు, పౌరుల హక్కులు ఏవీ, అవి రాయకుండా ఇంత అధికారం ఇస్తారా అని పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్లే 1791 డిసెంబర్‌లో పది సవరణలు వచ్చాయి, మాట్లాడే హక్కు, పత్రికల స్వేచ్ఛ అందులోవే. మనం గెలిచినవాళ్ల ఫొటోలే వేస్తాం గానీ, మీ పత్రిక ఈ రోజు వాడుకుంటున్న స్వేచ్ఛకి ఓడిపోయిన వాళ్ల వాదన కూడా మూలం.

ఇక కార్న్‌వాలిస్. ఓడిపోయిన జనరల్‌ని ఇంగ్లండ్ ఇంట్లో కూర్చోబెట్టలేదు, 1786లో కలకత్తాకి గవర్నర్ జనరల్‌గా పంపింది. ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాస్తున్నప్పుడు ఆయన మన నెత్తిన ఉన్నాడు. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి వెళ్లాడు. మరుసటి ఏడాది, 1794 జూలై 10న, పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బకాయిల పేచీ ముదిరి, విజయనగరం వదిలి వెళ్లమన్న కంపెనీ మాట వినని చిన విజయరామరాజు పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయారు. ముప్పై ఆరేళ్ల కిందట చందుర్తిలో విజయనగరం పక్కన నిలబడిన కంపెనీ సైన్యమే అది. 1802లో కార్న్‌వాలిస్ పద్ధతిని మన సర్కారులకీ తెచ్చారు, జమీందారు భూమికి యజమాని అయ్యాడు, దున్నేవాడు అతని దయ మీద పడ్డాడు. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల దగ్గర మొదలైన రైతు పోరాటంలో వీరగున్నమ్మ పోలీసు కాల్పుల్లో నేలకొరిగింది అంటే, దాని వేరు అక్కడిదాకా పోతుంది. 1948 చట్టంతో గానీ జమీందారీలు పోలేదు.

పద్మనాభం రాజుని నేను గౌరవిస్తాను, కానీ ఆయన గెలిచి ఉన్నా రైతు చేతికి ఓటు వచ్చేది కాదు. అది 1946 డిసెంబర్ నుంచి దాదాపు మూడేళ్లు కూర్చుని మన రాజ్యాంగ సభ రాసిన దానితో వచ్చింది. 'భారత ప్రజలమైన మేము' అన్న మొదలు, ప్రాథమిక హక్కులు, వీటికి అమెరికా దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది. వాళ్లు వదిలేసిన చోట మనం వదల్లేదు. మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే మా అమ్మ, అక్షరం ముక్క రాని మనిషి, ఎడ్లబండి మీద వెళ్లి ఓటేసి వచ్చింది. ఆ బండిలో పక్కన కూర్చున్న ఎవరినీ నీది ఏ కులం, నీకు ఎంత భూమి ఉంది అని అడిగి వెనక్కి పంపలేదు. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లు అలా ధైర్యంగా ఓటెయ్యడానికి 1965 చట్టం రావాల్సి వచ్చింది.

ఇప్పుడు మా వీధిలో ఇంటికొకరు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నారు. వీసా టెన్షన్ల గురించి రోజూ మాట్లాడుకుంటాం, ఆ దేశం ఎలా నిలబడిందో మాత్రం ఒక లైనుకి మించి మన పిల్లలకి తెలియదు. మీ విద్యార్థుల పేజీకి మన రెండు జిల్లాల్లో చదివేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో గ్రూప్స్ రాసేవాళ్లూ ఉన్నారు. పది వారాలు, వారానికి అరపేజీ ఇస్తే ఈ పదమూడేళ్ల కథ తీరుబడిగా వేయొచ్చు, కావాలంటే నేను రాసిస్తాను, పారితోషికం అక్కర్లేదు.

అంత చోటు లేదంటే ఒక్క పని చేయండి. ఈ ఏడాది జూలై 10 సంచిక తీసి చూశాను, 'చరిత్రలో ఈ రోజు'లో పద్మనాభం లేదు. వచ్చే ఏడాది జూలై 4న, 1776లో పదమూడు వలసలు ఇంగ్లండ్ నుంచి విడిపోతున్నట్టు ప్రకటించాయి, వాళ్ల కొత్త ప్రభుత్వం 1789లో మొదలైంది అని వేయండి. జూలై 10న, 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యంతో పోరులో విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించారు అని వేయండి. రెండూ కలిపి ఐదారు లైన్లు కూడా అవ్వవు.

ఇట్లు,
రిటైర్డ్ సోషల్ మాస్టారు,
విజయనగరం